నెల్లూరు తీరంలో శాంతి: యువతరం చేసిన పని

నెల్లూరు సముద్ర తీరంలో శాంతి గురించి రాస్తున్నామంటే కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. ఇక్కడ తుపాకులు మోగలేదు, ఊళ్ళు తగలబడలేదు, మరి శాంతికి వచ్చిన లోటేముంది అని అడిగారు. ఉత్తరాన కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా ఈ తీరమంతా మా యానాది గుడిసెలున్నాయి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట, సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలో కలిశాయి గానీ మాకు తీరం ఒకటే. ఆ గుడిసెల్లోంచి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. ఊళ్ళో మోటారు పోయినా, కోడి పోయినా మొదట తట్టేది మా తలుపే. మేము తిరిగి మాట్లాడనంత కాలం ఊరు ప్రశాంతంగా ఉందని అందరూ అనుకున్నారు. దానినే శాంతి అనుకుంటే మా దగ్గర అది తరతరాలుగా కావలసినంత ఉంది.

మేము శాంతి అనేది వేరే. రాత్రి పూట ఎవరు వచ్చి తలుపు కొడతారో అన్న భయం లేకుండా నిద్రపోవాలి. కూలి డబ్బులు అడిగితే గొడవ పెట్టుకున్నట్టు లెక్క వేయకూడదు. తగాదా వస్తే రెండు వైపుల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తేల్చుకోవాలి. అలాంటి శాంతి ఈ తీరానికి కొద్దికొద్దిగా వచ్చింది, ఇంకా రావలసింది చాలా ఉంది. వచ్చినప్పుడల్లా దాని వెనక యువతీయువకులున్నారు. వాళ్ళు చేసినవి చాలావరకు చప్పుడు చేయని పనులు. అక్షరం నేర్పారు, అర్జీ రాశారు, కోపంతో లేచినవాళ్ళను ఆపారు, పెద్దలను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మా బడి పిల్లలకు ఈ చరిత్ర పాఠ్యపుస్తకంలో దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాము.

పుట్టుకతోనే నేరస్తులన్న చట్టం

మొదట అశాంతి ఎక్కడ మొదలైందో చెప్పుకోవాలి. శ్రీహరికోట అడవిలో మా పూర్వీకులు తేనె, దుంపలు, మూలికలు సేకరించి బతికారు. వాగుల్లో చేతులతో చేపలు, పీతలు పట్టారు. పొలాల్లో ఎలుక బొరియలకు పొగ పెట్టి ఎలుకలు పట్టి రైతు పంట కాపాడారు. గడ్డివాములకు, తోటలకు, చెరువులకు కాపలా ఉన్నారు. రైతు తన పంటను నమ్మి అప్పగించింది యానాది కాపలాదారుకే.

అటువంటి మనిషికే తెల్లదొరల ప్రభుత్వం దొంగ అని పేరు పెట్టింది. 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911లో దానిని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఒక కులం మొత్తాన్ని నేరస్త జాతి అని ప్రకటించే అధికారం ఆ చట్టం ఇచ్చింది. అలా ప్రకటించాక పేర్లు నమోదు చేసుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. మన జిల్లాలో దాని బరువు ఎరుకల సోదరుల మీద ఎక్కువగా పడింది. కావలిలో వాళ్ళ కోసం పెట్టిన సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు నడిపారు. యానాదుల్లోనూ కొందరి మీద ఆ ముద్ర పడింది.

ఆ చట్టం చేసిన చెడు జైలుతో ఆగలేదు. ఊరికీ గుడిసెలకూ మధ్య ఉన్న నమ్మకాన్ని తెంచింది. తప్పు చేశాడా లేదా అని అడగకుండా ఎవరి కొడుకు అని అడగడం నేర్పింది. ఒక తరం పిల్లలు తమ కులం పేరు చెప్పుకోవడానికే భయపడి పెరిగారు. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా ఆ అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

పెన్నా ఒడ్డున ఒక స్థలం కథ

ఆ చట్టం అమల్లో ఉన్న రోజుల్లోనే, పెన్నా నది సముద్రంలో కలిసే చోటుకు కొంచెం ఎగువన, ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో ఒక పని మొదలైంది. పొణకా కనకమ్మ 1892లో పుట్టారు. ఆమె, ఆమె తోటివారు మొదట ఆయుధాలు పట్టే విప్లవకారులకు ఉపయోగపడుతుందని పల్లిపాడు దగ్గర స్థలం కొన్నారు. తర్వాత గాంధీజీ మార్గం వైపు తిరిగి ఆ స్థలాన్నే ఆశ్రమానికి ఇచ్చారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య అక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమం స్థాపించారు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి దానిని ప్రారంభించారు. అప్పటికి కనకమ్మకు ముప్పయి ఏళ్ళు కూడా నిండలేదు.

తుపాకుల కోసం కొన్న నేల రాట్నానికి దక్కింది. ఈ ఒక్క సంగతి చాలు, యువతరం మనసు మార్చుకుంటే ఒక ప్రాంతం చరిత్ర ఎటు తిరుగుతుందో చెప్పడానికి. వాళ్ళు తెల్లవాళ్ళ మీద కోపం వదిలిపెట్టలేదు. ఆ కోపాన్ని ఏ పనిలో పెట్టాలో తేల్చుకున్నారు. కనకమ్మ 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టి ఆడపిల్లల చదువుకు దారి వేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు ఈ తీరం దానిని బాగా అర్థం చేసుకుంది. ఉప్పుటేరు గట్టున తనంతట తాను పేరుకున్న ఉప్పు పిడికెడు తీసుకున్నా నేరమనే చట్టం కింద మా వాళ్ళు అంతకుముందే నలిగారు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. దేశం కోసం జరిగిన ఆ పోరాటం మా గుడిసెల తలుపు దాకా వెంటనే రాలేదు. ఊరి పెద్ద కులాల యువకులు జైలుకు వెళితే దేశభక్తులయ్యారు. మా వాడు జైలుకు వెళితే దొంగగానే మిగిలాడు. ఈ తేడాను గుర్తించి పని చేసిన వారిలో వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యులు. 1897లో ఈ జిల్లాలోనే పుట్టి, న్యాయవాది అయి, స్వాతంత్ర్యోద్యమంలో దిగి, ఆ పనితో పాటే యానాదుల పనిని కూడా తలకెత్తుకున్నారు. యానాది సంఘం పెట్టి, నేరస్త ముద్ర తీసేయాలని ఏళ్ళ తరబడి తిరిగారు. ఆయన మా కులం వారు కాదు. కానీ సంఘం అన్నాక ఒక్క మనిషితో నడవదు. గుడిసె గుడిసెకూ కబురు మోసినవాళ్ళు, వేలిముద్రలు వేయించినవాళ్ళు, సభకు జనాన్ని పిలుచుకొచ్చినవాళ్ళు ఉండి తీరాలి. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

మద్రాసు రాష్ట్రంలో 1947లో నేరస్త జాతుల చట్టం రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. రాఘవయ్య 1962లో యానాదుల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఒక్క దెబ్బ కొట్టకుండా, అర్జీలతోనూ సభలతోనూ శాసనసభలో వాదనతోనూ ఒక చట్టాన్ని తీయించవచ్చని ఆ తరం చూపించింది.

లాంతరు వెలుగులో చదువు

తర్వాతి పెద్ద మలుపు 1991లో వచ్చింది. జాతీయ సాక్షరతా మిషన్ 1988లో మొదలైంది. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. చదువు చెప్పింది జీతం తీసుకునే పంతుళ్ళు కాదు. పదో తరగతి, ఇంటర్ చదివిన ఊరి పిల్లలు, అందులో ఎందరో ఆడపిల్లలు, వాలంటీర్లుగా రాత్రి పూట బడి నడిపారు. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు కళాజాతాలతో ఊరూరా తిరిగారు. పాటలు పాడారు, చిన్న నాటికలు వేశారు. మాలో కొందరం అప్పుడు బడి ఈడు పిల్లలం. పగలంతా నాట్లు వేసి వచ్చిన తల్లులు లాంతరు చుట్టూ కూర్చుని పలక మీద తమ పేరు రాసుకోవడం చూశాము.

ఆ చదువు పుస్తకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా వల్ల సంసారం పాడైన ఒక ఆడమనిషి కథ అది. చదివిన ప్రతి తల్లీ అందులో తన ఇంటిని చూసుకుంది. అప్పట్లో సారా ప్రభుత్వ ఆదాయానికి పెద్ద వనరు. కూలి డబ్బు గుడిసె చేరకముందే సారా అంగడికి చేరేది. రాత్రి కొట్లాటలు, ఆడవాళ్ళ ఒంటి మీద దెబ్బలు, పొద్దున పస్తులు. యానాది కాలనీల్లో అశాంతికి సగం పేరు సారా.

1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడిని మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట మెట్ట ప్రాంతంలోని ఊరు, తీరానికి దూరం. అయినా ఆ కబురు రాత్రి బడుల దారిలోనే జిల్లా అంతా పాకింది. ఒక ఊరి వాలంటీరు పక్క ఊరి వాలంటీరుకు చెప్పాడు. రాత్రి బడిలో పాఠం అయ్యాక చర్చ, చర్చ అయ్యాక అంగడి ముందు బైఠాయింపు. ప్యాకెట్లు మట్టిలో పారబోశారు, సారా బండ్లను ఊరి బయటే ఆపారు. వేలం పాటలు జరగనీయలేదు, అవి మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. చివరికి 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దానిని సడలించారు.

ఆ ఉద్యమం ఆడవాళ్ళది. దానిని ఎవరూ వాళ్ళ దగ్గర నుంచి తీసుకోకూడదు. కానీ ఆ తల్లుల చేతికి అక్షరం ఇచ్చిన పదిహేడు, పద్దెనిమిది ఏళ్ళ పిల్లలను కూడా చరిత్ర గుర్తుంచుకోవాలి. శాంతి కోసం ఉపన్యాసాలు ఇవ్వమని వాళ్ళకెవరూ చెప్పలేదు. సంతకం నేర్పమన్నారు. సంతకం నేర్చిన చేయి అర్జీ రాసింది. అర్జీ రాసిన ఇంట్లో కొట్లాట తగ్గింది. నిషేధం నిలవలేదు గానీ, మాట్లాడిన ఆడవాళ్ళు మళ్ళీ మునుపటిలా నోరు మూసుకోలేదు.

రొయ్యల గుంటల కాలం

అదే దశాబ్దంలో తీరం ముఖమే మారిపోయింది. వరి మళ్ళు, బీడు నేలలు, ఉప్పు నేలలు రొయ్యల గుంటలయ్యాయి. మావాళ్ళు చేపలు, పీతలు పట్టుకునే వాగులకు అడ్డంగా కట్టలు లేచాయి. బతుకు పోయిన చోటే కాపలా పని దొరికింది. ముందు కొంత అడ్వాన్సు ఇచ్చి, గుంట గట్టు మీద గుడిసె వేయించి, కుటుంబమంతా అక్కడే ఉండాలన్నారు. అడ్వాన్సు తీరేది కాదు. పిల్లలు బడికి దూరమయ్యారు. రొయ్యలు పోయినా, మోటారు పోయినా లెక్క కాపలాదారు మీదే.

1996 డిసెంబరులో ఒక్క వారం తేడాలో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు మా తీరానికి ఎంతో ముఖ్యమైనవి. డిసెంబరు 11న జగన్నాథన్ గారు వేసిన కేసులో, తీర నియంత్రణ ప్రాంతంలో రొయ్యల పరిశ్రమ మీద కోర్టు గట్టి ఆంక్షలు పెట్టింది. తర్వాత ఆ పరిశ్రమకు వేరే చట్టాలు వచ్చాయి. డిసెంబరు 18న డి.కె. బసు కేసులో, అరెస్టు చేసేటప్పుడు పోలీసులు పాటించవలసిన నియమాలు చెప్పింది. అరెస్టు చేసిన వేళ, తేదీ రాసిన కాగితం మీద సాక్షి సంతకం ఉండాలి. బంధువులకో స్నేహితులకో కబురు చేయాలి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోవాలి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 నుంచి ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది.

ఇన్ని ఉన్నా, వాటిని చదివి గుడిసెలో చెప్పేవాళ్ళు లేకపోతే అవి కాగితాలే. ఆ పని చేయడం మొదలుపెట్టింది హాస్టళ్ళలో, గురుకులాల్లో చదివి వచ్చిన మా పిల్లలే.

ఒక మోటారు తెచ్చిన తగాదా

కొన్నేళ్ళ కిందట ఈ తీరంలోని ఒక కాలనీలో జరిగింది చెబుతాము. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పడం లేదు, ఎందుకంటే వాళ్ళందరూ అక్కడే కలిసి బతకాలి.

ఒక రొయ్యల గుంట దగ్గర మోటారు పోయింది. రాత్రి కొందరు వచ్చి ఇద్దరు కుర్రవాళ్ళను గుంట దగ్గరికి లాక్కుపోయారు, కొట్టారు. తెల్లవారేసరికి కాలనీలో ముప్పయి మంది కుర్రాళ్ళు గడ్డపారలతో తయారయ్యారు. గుంట కట్ట తెంచేస్తామన్నారు. కట్ట తెగితే లక్షల సరుకు వాగు పాలవుతుంది. ఆ తర్వాత ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

వాళ్ళను ఆపింది ముగ్గురు. ఒకరు డిగ్రీ చదివే అబ్బాయి, ఒకరు నర్సు పని నేర్చుకుంటున్న అమ్మాయి, ఇంకొకరు ఆటో నడిపే అబ్బాయి. ఆ అమ్మాయి మొదట దెబ్బలు తిన్నవాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోయి, దెబ్బలు కాగితం మీద రాయించింది. డిగ్రీ అబ్బాయి ఎవరు వచ్చారు, ఏ వేళకు వచ్చారు, ఎవరు చూశారు అన్నది వరసగా రాసుకున్నాడు. ఆటో అబ్బాయి గడ్డపారలు పట్టినవాళ్ళ దగ్గర నిలబడ్డాడు. వాళ్ళలో ఒక ముసలావిడ, "అబ్బయ్యా, కట్ట తెంచితే రేపు మన పేరు దొంగలనే గాక రౌడీలని గూడా రాస్తారు. మన దగ్గర కాగితం ఉంటే వాళ్ళే మన దగ్గరికొస్తారు" అంది. ఆ మాట పనిచేసింది.

వాళ్ళు పోలీసు స్టేషనుకు పెద్దలతో కలిసి వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. న్యాయ సేవల సంస్థ ద్వారా ఉచితంగా వకీలును అడిగారు. గుంటల యజమానులకు ఆ కాగితాల సంగతి తెలిశాక మాట్లాడుకుందామని కబురు వచ్చింది. కేసు వదులుకోవాలన్న షరతు మీద మాత్రం రాము అని మా పిల్లలు చెప్పారు. బడి వరండాలో మూడు సాయంత్రాలు కూర్చున్నారు. సర్పంచి, మత్స్యకార పెద్ద, గుంటల వాళ్ళు, కాలనీ పెద్దలు, ఆ ముగ్గురు. చివరికి మూడు సంగతులు కాగితం మీదికెక్కాయి. ఏ అనుమానం ఉన్నా రాత్రి పూట కాలనీలోకి ఎవరూ రాకూడదు, పోలీసుకు చెప్పుకోవాలి. కాపలాదారు జీతం, అడ్వాన్సు నెలనెలా పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. కాపలా కుటుంబం పిల్లలను బడికి పంపడానికి అడ్డు చెప్పకూడదు.

మోటారు ఎవరు తీశారో నేటికీ తేలలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరి ఇళ్ళవాళ్ళకు ఆ ఏడాది గుంటల మీద పని దొరకలేదు. ఇవి కూడా రాయాలి. శాంతి కోసం పనిచేసినవాళ్ళు దానికి వెల కూడా కడతారు. ఆ సంవత్సరం వాళ్ళ ఇంటి బియ్యం కాలనీ మొత్తం కలిసి చూసుకుంది. లేకపోతే రెండోసారి ఎవరూ ముందుకు రారు.

తగ్గమని ఎవరిని అడుగుతున్నారు?

యువత శాంతిలో భాగస్వాములు కావాలని ఇప్పుడు ప్రపంచమంతా అంటోంది. 2015 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2250 నంబరు తీర్మానం చేసింది. 18 నుంచి 29 ఏళ్ళ వారిని అందులో యువత అంది. వాళ్ళను గొడవలకు కారకులుగానే చూడవద్దని, చర్చల్లో, నిర్ణయాల్లో చోటు ఇవ్వాలని దేశాలను కోరింది. యుద్ధాలు జరిగే దేశాలను మనసులో పెట్టుకుని చేసిన తీర్మానమే అయినా, మా బడి వరండాలో ఆ మూడు సాయంత్రాలు జరిగింది కూడా అదే.

కానీ మా పిల్లలు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. "అయివారూ, ఎప్పుడూ తగ్గమని మమ్మల్నే అంటారెందుకు?" న్యాయమైన ప్రశ్న. దెబ్బ తిన్నవాడినే ఓర్చుకోమనడం శాంతి కాదు. అందుకే మేము వాళ్ళకు తగ్గమని చెప్పము. గడ్డపార దించమంటాము, ఫిర్యాదు మాత్రం దించవద్దంటాము. ఆ తేడా తెలిసిన పిల్లవాడిని ఎవరూ రెచ్చగొట్టలేరు, ఎవరూ భయపెట్టలేరు కూడా.

నేడు మా యువతను వాడుకునే చేతులు చాలా ఉన్నాయి. ఎన్నికలప్పుడు జెండా, బిర్యానీ, మందు సీసా ఇచ్చి ఒక కాలనీ పిల్లలను ఇంకో కాలనీ మీదికి తోలుతారు. ఫోనులో వచ్చిన అబద్ధం ఒక్క రాత్రిలో మత్స్యకారుల పాలేనికీ మా కాలనీకీ మధ్య మంట పెట్టగలదు. వాగు ఒకటే, చేప ఒకటే, కరువు వస్తే ఇద్దరికీ వస్తుంది. ఈ సంగతి ఇరువైపుల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని చదివినప్పుడే తెలుస్తుంది. అందుకే బడి మానేసిన ప్రతి పిల్లనూ మళ్ళీ బడిలో చేర్చడం మాకు శాంతి పని కూడా.

మా కోరిక పెద్దదేమీ కాదు. ప్రతి కాలనీలో చదువుకున్న ఇద్దరు, వారిలో ఒకరు తప్పక ఆడపిల్ల, ఒక నోటు పుస్తకం పెట్టాలి. కూలి లెక్కలు, ఇచ్చిన అర్జీలు, వచ్చిన జవాబులు, జరిగిన తగాదాలు, తీరిన తీరు అందులో తేదీ వేసి రాయాలి. రాఘవయ్య గారి వెంట తిరిగిన మా తాతల పేర్లు పోయాయి, రాత్రి బడులు నడిపిన అక్కల పేర్లు పోతున్నాయి. మోటారు తగాదా ఆపిన ముగ్గురి పేర్లు వాళ్ళ కాలనీ పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం రెండో సంపుటం ఇప్పుడు నడుస్తోంది, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి రాస్తోంది.